యాక్షన్ అనిమే హీరోలు అసలు ఎందుకు కొట్టుకుంటున్నారు? (స్పాయిలర్లు నిండా ఉన్నాయి, చూడనోళ్లు ఇక్కడే ఆగిపోండి)

#1 అరటికాయ_బజ్జీ

నిన్న రాత్రి రెండింటి దాకా మా రూమ్‌లో ఇదే గొడవ. మావాడు ఏమన్నాడంటే, అన్ని అనిమేలూ ఒకటేరా బాబూ, చిన్నప్పుడు ఎవడో వచ్చి ఇంట్లోవాళ్లని చంపేస్తాడు, వీడు పెద్దయ్యాక కత్తి పట్టుకుని బయల్దేరతాడు, మన ఫ్యాక్షన్ సినిమాకే జుట్టుకి రంగేసి మళ్లీ మనకే చూపిస్తున్నారు అని. నాకు ఒళ్లు మండింది గానీ అప్పటికప్పుడు గట్టి సమాధానం తట్టలేదు. అందుకే ఇక్కడికొచ్చా.

నా లెక్క ఇదీ. కొందరిది కల: నరుటోకి హొకాగే (వాళ్ల నింజా ఊరికి పెద్ద) అవ్వాలి, వన్ పీస్‌లో లూఫీకి పైరేట్ కింగ్ అవ్వాలి. కొందరిది పగ: నరుటోలోనే సాస్కే, అటాక్ ఆన్ టైటన్‌లో ఎరెన్, విన్‌లాండ్ సాగాలో థోర్‌ఫిన్. కొందరు ఇంట్లోవాళ్ల కోసం: డీమన్ స్లేయర్‌లో తంజిరో రాక్షసైపోయిన చెల్లిని మళ్లీ మనిషిని చెయ్యాలని, ఫుల్‌మెటల్‌లో ఎడ్వర్డ్ తమ్ముడి ఒళ్లు వెనక్కి తేవాలని. డ్రాగన్ బాల్‌లో గోకూ ఎందులోనూ పట్టడు, కొట్టుకోవడమే సరదా ఆయనకి.

నా ఓటు తంజిరోకి. బొగ్గులమ్ముకోడానికి కొండ దిగి, చీకటి పడిందని తెలిసిన ముసలాయన ఇంట్లో పడుకుని, తెల్లారి ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే రక్తం. ఆ మంచులో చెల్లి నెజుకోని వీపున వేసుకుని పరిగెడుతుంటే పగ గురించి ఆలోచించే టైమ్ కూడా ఉండదు ఆ పిల్లాడికి, ముందు బతికున్న మనిషిని బతికించుకోవాలి. మీరేమంటారు?

#2 కమేహమేహ_కాకినాడ

గోకూ ఎందులోనూ పట్టడంటే అర్థం ఆయన అందరికంటే పైన అని. 1984 నుంచీ ఉన్నాడు, మిగతావాళ్లంతా ఆయన ముందు పిల్లలు. థ్రెడ్ మూసేసుకోవచ్చు.

#3 సగం_చదివిన_మాంగా

ఎరెన్‌ని పగలో వేశారేంటండీ. మొదటి ఎపిసోడ్ చూసినోళ్లందరూ ఇలాగే అనుకుంటారు, వాళ్ల తప్పు కూడా కాదులెండి, ఆ సీన్ అలాంటిది. మనుషుల్ని తినే టైటన్లు వచ్చి, ఇల్లు కూలి అమ్మ దూలాల కింద ఇరుక్కుపోయి, పిల్లల్ని తీసుకుని పొమ్మని హానెస్ అనే సైనికుడి మీద అరుస్తుంది, తీరా వాళ్లు నాలుగడుగులు దూరం వెళ్లాక చేత్తో నోరు మూసుకుని ‘వెళ్లొద్దు’ అని తనలో తనే అంటుంది. అది చూశాక ఇంక వేరే ఏదీ గుర్తుండదు మనకి.

కానీ అంతకు ఏడాది ముందు సంగతి చూడండి. మికాసా అనే పిల్లని ఎత్తుకెళ్లినోళ్లలో ఇద్దర్ని కత్తితో పొడిచి చంపేశాడు, అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. అప్పటికి అమ్మ ఇంట్లో నిక్షేపంగా ఉంది. టైటన్లకి భయపడి గోడ లోపల తిని పడుకుంటే పశువులకీ మనకీ తేడా ఏంటని గొడవ పడటం కూడా అమ్మ పోకముందే. అంటే వాడికి పడనిది ఒకటే, ఎవడో వచ్చి నాది లాక్కోవడం. టైటన్లు రాకపోయినా వీడు ఎవరో ఒకరితో తలపడేవాడే. పగ అనేది దారిలో దొరికిన సాకు.

#4 ఓరుగల్లు_ఒటాకు

నరుటోది కల అని అందరంటరు గని నాకైతే గట్ల అనిపియ్యది అన్నా. మొదటి చాప్టర్ల ఏం జేస్తడు, పోయి ఆ కొండ మీద హొకాగేల మొఖాలకు రంగులు పూస్తడు. కుర్చీ మీద గౌరవమున్నోడు చేసే పనేనా అది? వానికి గావాల్సింది కుర్చీ గాదు. ఊర్లె ఒక్కడన్న మంచిగ పేరు పెట్టి పిల్వాలె, గంతే. ఎట్లనో తెల్వక తిట్టన్న తిడ్తరు గదా అని చెడ్డ పనులు చేసుకుంట తిరుగుతుండె.

పరీక్ష పాసైన రోజు అందరి అమ్మనాయినలు నింజా అకాడమీ ముంగటికొచ్చి పిల్లల్ని మెచ్చుకుంటుంటరు, వీడు ఒక్కడే చెట్టుకున్న ఉయ్యాల మీద కూసోని సూస్తుంటడు. నేను ఆరో తరగతి నుంచి హాస్టల్ల సదివిన. ఆదివారం వస్తే అందరి ఇంటోళ్లు టిఫిన్ డబ్బలు పట్టుకోని వస్తుండె, మా నాయిన లారీ మీద పోతుండె, నాకు ఎవ్వలు రాకపోతుండె. గేటు దిక్కు చూసుడు ఎందుకని మీదికెక్కి పంపు కాడ బట్టలు పిండుకుంట కూసుంటుంటి. ఆ ఉయ్యాల సీన్ల నాకు ఎవ్వలు ఏం చెప్పే పని లేదు.

తర్వాత ఇరుకా సార్ వీనికి అడ్డం పడి పెద్ద షురికెన్ (విసిరే ఆయుధం) తన వీపుల దింపుకుంటడు, తన నింజా నుదుటి పట్టీ విప్పి వీనికి కడ్తడు. నన్నడిగితే వాని అసలు కోరిక ఆడనే తీరిపోయింది, ఒకటో చాప్టర్లనే. మిగిలిన 699 చాప్టర్లు అంతా దాని బాకీ. ఇరుకా సార్ తనకు ఇచ్చింది ఇంకొకరికి ఇయ్యాలె అనే తాపత్రయం. శత్రువులుగ వచ్చిన గారా కాడ, నాగాటో కాడ చేసిందంత గదే. సాస్కే వాళ్ల అన్న ఇటాచీ కూడ అంటడు గదా, హొకాగే అయితే అందరు మెచ్చుకునుడు గాదు, అందరు మెచ్చుకున్నోడే హొకాగే అయితడు అని.

#5 పులిహోర_పెద్దక్క

ఓరుగల్లు తమ్ముడూ, పొద్దున్నే కళ్లలో నీళ్లు తెప్పించావు. ఇక్కడ డాలస్‌లో రాత్రి పదకొండు, పిల్లలు పడుకున్నారు, ఇక నాకు తీరిక.

బజ్జీ, ఎడ్వర్డ్‌ని తంజిరో పక్కన కూర్చోబెట్టావు కానీ ఇద్దరికీ పోలిక లేదు. తంజిరోకి ఎవరో అన్యాయం చేశారు. ఎడ్వర్డ్‌కి ఎవరూ ఏమీ చెయ్యలేదు. అమ్మ జబ్బు చేసి పోయింది, ఊళ్లో ఎంతమందికి పోవట్లేదు. ఈ పిల్లలిద్దరికీ చదువు ఎక్కువైంది, ఆల్కెమీ అనే విద్యతో అమ్మని మళ్లీ బతికించబోయి, పుస్తకాల్లో చెయ్యొద్దని రాసిందే చేశారు. వాడి కాలు పోయింది, తమ్ముడి ఒళ్లే పోయింది, ఆ తమ్ముడి ప్రాణాన్ని ఇనప కవచానికి అంటించడానికి చెయ్యి కూడా పోయింది. పదకొండేళ్ల పిల్లాడికి తిట్టుకోడానికి విలన్ కూడా లేడు. అద్దంలో చూసుకోవడమే.

మిగతా హీరోలందరూ తలుపు తీసుకుని బయటికి వెళ్తారు. వీళ్లు ఇల్లు తగలబెట్టి మరీ వెళ్తారు. ఆ వెండి గడియారం లోపల వాడు గీసుకున్న ఆ తేదీ స్నేహితురాలు విన్రీ తెరిచి చూస్తుంది కదా, 3 అక్టోబర్ 11. వెనక్కి వచ్చి పడుకోడానికి మంచం ఉంటే మనసు మారుతుందేమోనని భయం. నేను 2008లో రెండు సూట్‌కేసులతో ఇక్కడికొచ్చినప్పుడు మావాళ్లు పొలం అమ్మారు. తగలబెట్టలేదు, అమ్మారు, కానీ నాకు మాత్రం ఆ తేదీ ఎందుకు గీసుకున్నాడో బాగా తెలుసు.

అందుకే చివర్లో తమ్ముడి కోసం తన ఆల్కెమీ మొత్తం వదిలేసుకుంటే నాకు ఆశ్చర్యమనిపించలేదు. ఏ విద్య చూసుకుని తప్పు చేశాడో అదే ఇచ్చేశాడు. రాసింది హిరోము అరకావా, హొక్కైడోలో పాడి రైతుల ఇంట్లో పుట్టినావిడ. ఆవిడ కథల్లో ఏదీ ఉచితంగా రాదు.

#6 అరటికాయ_బజ్జీ

అక్కా ఇది నాకు తట్టనే లేదు. సరే ఎడ్వర్డ్‌ని అక్కణ్ణుంచి తీసేస్తున్నా, ‘సొంత తప్పు’ అని వేరే పెడతా. ఇలా అయితే ఒక్కొక్కడికి ఒక్కో గంప కావాలి.

#7 మాంసం_మొత్తం_నాదే

లూఫీ గురించి ఇంతవరకు ఒక్కడూ రాయలేదంటే ఈ ఫోరమ్‌కి ఏమైంది??

ముందుగా, పైరేట్ కింగ్ అవ్వడం అనేది లూఫీ నోటితో చెప్పే మాట, దానికి వాడిచ్చే అర్థం వేరు. సబావొడీ దీవుల్లో, పాత పైరేట్ కింగ్ అనుచరుడు రేలీతో ఏమంటాడు, నాకు ఎవర్నీ ఏలాలని లేదు, ఈ సముద్రంలో అందరికంటే స్వేచ్ఛగా ఉండేవాడే పైరేట్ కింగ్ అంటాడు. ఇంకోటి, ఫిష్‌మెన్ ఐలాండ్‌లో హీరో అవ్వమంటే ఛీ వద్దంటాడు, ఎందుకంటే హీరో అనేవాడు మాంసం ఉంటే అందరికీ పంచుతాడు, నాకు మొత్తం నేనే తినాలనుంది అని 😂 నా పేరు అక్కణ్ణుంచే. 1997 నుంచి నడుస్తున్న కథలో హీరో అనేవాడు నేను హీరోని కాదు బాబోయ్ అని మొత్తుకుంటున్నాడు, అదేమో ఎవరూ వినరు.

కానీ చేసేదేంటి? ఆర్లాంగ్ అనే విలన్ దగ్గర, వీడి జట్టులోని నామి మట్టిలో కూర్చుని తన భుజం మీద ఆర్లాంగ్ ముఠా పచ్చబొట్టుని కత్తితో పొడుచుకుంటుంటే వెళ్లి చెయ్యి పట్టుకుంటాడు. ఏం జరిగిందమ్మా నీ కథ చెప్పు అని అడగడు, నిజానికి ఆ కథ చెప్తుంటే నాకొద్దు అని అంతకుముందే లేచి వెళ్లిపోయినోడు. హెల్ప్ చెయ్యి అంటుంది. ఎవరినీ తాకనివ్వని ఆ గడ్డి టోపీ తీసి ఆమె తలమీద పెట్టి నడుస్తాడు. అంతే. ఇందులో న్యాయం గురించి ఒక్క ముక్క లేదు, నా మనిషి ఏడుస్తోంది, ఏడిపించినోడు అక్కడున్నాడు, పద.

మీ లెక్కల్లో ఇది ఏ గంపలో పడుతుందో మీరే చెప్పండి.

#8 కమేహమేహ_కాకినాడ

గోకూ కూడా అంతే కదా. లూఫీకి దారి వేసిందే ఆయన.

#9 రెండో_షిఫ్ట్

కాదు బ్రో. లూఫీకి తన మనుషుల మొహాలు కనపడతాయి, గోకూకి ఎదుటివాడి బలమే కనపడుతుంది. నాకు డ్రాగన్ బాల్ అంటే ప్రాణం, చిన్నప్పుడు స్కూల్ నుంచి బ్యాగ్ విసిరేసి టీవీ ముందు కూర్చునే బ్యాచే, అయినా చెప్తున్నా.

భూమి మీదికి దండెత్తొచ్చిన వెజీటా ఓడిపోయి నేలమీద పాక్కుంటూ తన అంతరిక్ష పాడ్ దగ్గరికి పోతున్నాడు, గోకూ స్నేహితుడు క్రిల్లిన్ కత్తి పట్టుకుని మీద నిలబడ్డాడు, ఒక్క పోటు చాలు. గోకూ ఏమంటాడు? వదిలెయ్, వాణ్ణి నేను మళ్లీ ఓడించాలి అంటాడు. అప్పటికి యాంచా, టియెన్, చియాట్జు, పికోలో, గోకూ వైపు నలుగురూ పోయారు వెజీటా వాళ్ల వల్ల. ఇంత బలమున్నోణ్ణి పోగొట్టుకోవడం ఇష్టం లేదంతే. తర్వాత వెజీటా మారాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే?

సెల్ అనే విలన్ దగ్గర ఇంకా ఘోరం. కొడుకు గోహాన్‌ని బరిలోకి దింపి, పోటీ సమానంగా ఉండాలని సెల్‌కి సెంజు బీన్ ఇచ్చి ఒంట్లో అలసట తీరుస్తాడు. గోహాన్ అక్కడ నలిగిపోతుంటే, అప్పటికి మళ్లీ బతికొచ్చిన పికోలో గట్టిగా అడుగుతాడు, వాడు నీలాగా కొట్టుకోవడం ఇష్టపడే పిల్లాడు కాదు, నేను చచ్చిపోతుంటే నాన్న ఎందుకు రావట్లేదని ఇప్పుడు వాడు అనుకుంటున్నాడు, ఆ సంగతి నీకు తెలుసా అని. గోకూ మొహం అప్పుడు చూడాలి. నిజంగానే ఆయనకి అప్పటిదాకా తట్టలేదు. చెడ్డవాడు కాదు, కానీ తనకి ఏది ఆనందమో కొడుక్కీ అదే ఆనందం అనుకున్నాడు. మన ఇళ్లల్లో ఇంజనీరింగ్‌లో చేర్పించే నాన్నలు లేరూ, అలాగే.

#10 కమేహమేహ_కాకినాడ

ఇంజనీరింగ్ మధ్యలోకి ఎందుకొచ్చిందిరా నాయనా. ఫ్రీజా క్రిల్లిన్‌ని చంపినప్పుడు సూపర్ సైయన్ (జుట్టు లేచి బలం పెరిగే రూపం) అయ్యింది మరి సరదాకేనా? మనుషుల మొహాలు కనపడకపోతే ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చింది?

#11 రెండో_షిఫ్ట్

అది నిజమే, అది ఒప్పుకుంటా. సెల్ దగ్గర మాత్రం ఒప్పుకోను.

#12 పాత_పుస్తకాల_కొట్టు

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. ఈ హీరోలు ఎందుకు ఇలా ఉంటారన్నదానికి వాళ్లు అచ్చయ్యే పత్రిక కూడా ఒక కారణం. నరుటో, వన్ పీస్, డ్రాగన్ బాల్, డీమన్ స్లేయర్ ఇవన్నీ వీక్లీ షోనెన్ జంప్‌లోవి. 1968లో మొదలైన పత్రిక, స్నేహం, శ్రమ, గెలుపు అనే మూడు మాటలు దానికి సూత్రం లాంటివి. అందులో పాఠకుల కార్డు ఒకటి ఉంటుంది, ఈ వారం నచ్చిన మూడు కథలు రాసి పంపాలి. ఓట్లు పడని కథని కొద్ది వారాల్లోనే ముగించేస్తారు. మరి అలాంటి చోట రాసేవాడు ఏం చేస్తాడు, బస్టాండులో పల్లీలమ్మేవాడు ఏం చేస్తాడో అదే, రావడం రావడమే గట్టిగా అరుస్తాడు. ‘నేను హొకాగే అవుతా!’, ‘నేను పైరేట్ కింగ్ అవుతా!’ మొదటి వారంలోనే పిల్లాడికి అర్థమైపోవాలి వీడికేం కావాలో.

ఎరెన్ వచ్చింది జంప్‌లో కాదు, కోదాన్షా వాళ్ల నెలవారీ పత్రికలో, బెస్సత్సు షోనెన్ మ్యాగజీన్. విన్‌లాండ్ సాగా ఎక్కువ కాలం నడిచింది ఆఫ్టర్‌నూన్‌లో, అది పెద్దవాళ్ల నెలపత్రిక. ఫుల్‌మెటల్ కూడా నెలకోసారి వచ్చేదే. అక్కడ రచయిత హీరో చేత ఒక మాట చెప్పించి, ఐదేళ్లు పోయాక అది అబద్ధమని తేల్చినా అడిగేవాడు లేడు. అందుకని జంప్ హీరో చెప్పేది కొంచెం తగ్గించి వినాలి, లూఫీ విషయంలో మాంసం గారు చేసినట్టు.

#13 కృష్ణా_బ్యారేజీ

నాది చర్చ కాదు, ఒక చిన్న సంగతి. కిందటేడాది అంటే 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ సినిమా ఇన్ఫినిటీ కాజిల్ తెలుగు డబ్బింగ్‌లో కూడా వచ్చింది కదా, మా అమ్మని తీసుకెళ్లా. పేరు చెప్పను గానీ ఆ హాల్లో ఏసీ ఇంటర్వెల్‌కి ముందే చచ్చిపోయింది, చుట్టూ అందరూ ఇంటర్ కుర్రాళ్లు, అమ్మ కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. ఆవిడకి అనిమే అంటే బొమ్మల సినిమా. వెళ్లేముందు నేను మూడు ముక్కల్లో చెప్పా, ఆ చెల్లి రాక్షసి అయింది, అన్న కాపాడుకుంటున్నాడు, పెద్ద రాక్షసుడు ముజాన్ అని.

తంజిరో కోసం ఏమీ అనలేదు. ముజాన్ కింద రాక్షసుడు అకాజా పాత కథ మొదలైంది. నాన్నకి మందుల కోసం జేబులు కొట్టే పిల్లాడు, పట్టుబడ్డ ప్రతిసారీ చేతి మీద ఒక గీత పచ్చబొట్టు. నా వల్లే కొడుకు దొంగయ్యాడని ఆ నాన్న ఉరేసుకుంటాడు. తర్వాత ఒక గురువు చేరదీస్తాడు, ఆయన కూతురు కొయుకి మంచం పట్టిన పిల్ల, ఆమెకి సేవ చేస్తూ మనిషవుతాడు. పెళ్లి అనుకున్నాక నాన్న సమాధికి చెప్పి వద్దామని వెళ్తాడు, వచ్చేసరికి బావిలో విషం కలిపి ఇద్దర్నీ చంపేశారు. వీడు వెళ్లి ఉత్త చేతుల్తో 67 మందిని చంపేస్తాడు. ముజాన్‌కి దొరికి రాక్షసుడైంది ఆ తర్వాత.

అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. బయటికొచ్చి చెరుకు రసం తాగుతూ ఏమందో తెలుసా, ‘ఆ ఒంటినిండా గీతలున్న పిల్లాడు బలం కావాలి బలం కావాలంటాడు, ఎవరి కోసం కావాలో వాడికే గుర్తులేదురా పాపం’ అంది. నేను దాని మాంగా (కామిక్ పుస్తకాలు) రెండుసార్లు చదివా, 23 వాల్యూములూ. ఈ మాట నాకు తోచలేదు.

#14 అరటికాయ_బజ్జీ

బ్రో మీ అమ్మగారికి ఇక్కడ అకౌంట్ తెరిచివ్వు ముందు.

ఇది చదివాక తంజిరో గురించి కూడా ఇంకోటి గుర్తొచ్చింది. స్వోర్డ్‌స్మిత్ విలేజ్ భాగం చివర్లో తెల్లారిపోతుంది, వెనక నెజుకో ఎండకి కాలిపోతోంది, ముందు హాంతెంగు అనే రాక్షసుడు పారిపోతూ కత్తులు చేసేవాళ్ల మీద పడబోతున్నాడు. తంజిరో కదల్లేక ఆగిపోతాడు. చెల్లి కోసమే కత్తి పట్టినోడు చెల్లిని వదిలి ఎలా వెళ్తాడు? నెజుకోనే కాలితో ఒక్క తన్ను తన్ని వాణ్ణి గాల్లోకి పంపేస్తుంది, పోరా నీ పని చూసుకో అన్నట్టు. అంటే నేను మొదట రాసింది తప్పేమో, ‘చెల్లి కోసం’ అని. ఆ తన్ను దగ్గర చెల్లే వాణ్ణి దాంట్లోంచి బయటికి నెట్టింది.

#15 సగం_చదివిన_మాంగా

ఇప్పుడు దారిలోకొచ్చారు. కారణం ఏంటని అడగడం కాదు, ఆ కారణం చేతిలోంచి జారిపోయిన రోజు వాడేం చేశాడని అడగాలి. థోర్‌ఫిన్‌ని చూడండి. నాన్నని చంపిన అస్కెలాడ్ వెనకే పదకొండేళ్లు తిరిగాడు, వాడి కింద పనిచేస్తూ, వాడి కోసం మనుషుల్ని చంపుతూ, బదులుగా వాడితో ద్వంద్వ యుద్ధానికి ఛాన్స్ అడుక్కుంటూ. తీరా అస్కెలాడ్‌ని చంపింది రాజకుమారుడు కాన్యూట్. పగ ఇంకొకడు తీర్చేసుకుపోయాడు! చేతిలో కత్తి అలాగే ఉంది, గుచ్చడానికి మనిషి లేడు. సీజన్ 1 అక్కడ ఆపేశారు, 2019లో.

2023లో సీజన్ 2 వచ్చింది, చాలామంది బోర్ అన్నారు, పొలం పనులేంటి యాక్షన్ ఏదని. అసలు కథ అదే కదండీ. బానిసగా అమ్ముడుపోయి, కెటిల్ పొలంలో తోటి బానిస ఐనార్‌తో కలిసి అడవి కొట్టి మొద్దులు పీకుతుంటాడు. బతకడానికి కారణం లేదు, చావడానికీ లేదు. రాత్రి కలల్లో అరుస్తాడు, పొద్దున లేస్తే ఏం కల వచ్చిందో గుర్తుండదు. గోధుమ మొలకొచ్చిన రోజు వాడి మొహంలో మొదటిసారి ఏదో కదులుతుంది. మా తాతది ఎకరంన్నర, విత్తనం పైకొచ్చిందా లేదా అని తెల్లారుజామున టార్చి పట్టుకుని వంగి చూసేవాడు, అదే మొహం.

చివర్లో కాన్యూట్‌ని కలవనివ్వాలంటే వంద దెబ్బలు తినమంటాడు ఒకడు. తింటాడు. తిరిగి కొట్టవేంటి అంటే నాకు శత్రువులు ఎవరూ లేరంటాడు. నాన్న థోర్స్ చిన్నప్పుడు చెప్పిన మాటే, అర్థమవ్వడానికి ఇంత కాలం పట్టింది.

#16 ఓరుగల్లు_ఒటాకు

పొలం సీజన్ బోర్ అన్నోడు పొలంల దిగి ఉండడు. మస్తు రాసినవ్ అన్నా.

#17 గుడ్డు_పఫ్

అందరూ ఇంత బరువుగా మాట్లాడుకుంటున్నారు కాబట్టి చెయిన్‌సా మ్యాన్ డెంజీని ఎవరూ పిలవలేదు. పిలుస్తున్నా. నాన్న చేసిన అప్పు తీర్చడానికి కిడ్నీ అమ్మాడు, కన్ను అమ్మాడు, ఇంకోటి కూడా అమ్మాడు అది ఇక్కడ రాయను. వాడి కల ఏంటంటే బ్రెడ్‌కి జామ్ రాసుకుని తినాలి, ఒక అమ్మాయి పక్కన ఉండాలి. అంతే!! పాత పుస్తకాల అన్న చెప్పినట్టు ఇది కూడా జంప్‌దే, పక్కన కుర్రాళ్లు లోకాన్ని కాపాడతామంటుంటే వీడు టిఫిన్ గురించి మాట్లాడుతున్నాడు.

నాకు అందరికంటే నిజాయితీపరుడు వాడే అనిపిస్తాడు. నెలాఖర్లో మనమూ అంతేగా.

#18 పులిహోర_పెద్దక్క

నవ్వించావు పఫ్. కానీ ఆ జామ్ రొట్టె దొరికాక కూడా వాడికి తృప్తి ఉండదు, అప్పుడు ఇంకేదో కావాలి, అదీ దొరికితే ఇంకోటి. ఆకలి తీరాక నాకసలు ఏం కావాలి అని ఒకడు తేల్చుకోలేక తిప్పలు పడటం, ఆ కథలో నాకు నచ్చింది అదే. ఇండియా నుంచి కొత్తగా వచ్చే పిల్లల్ని చూస్తుంటా, మొదటి జీతం దాకా ఒకలా ఉంటారు.

#19 రెండో_షిఫ్ట్

కారణం జారిపోయిన రోజు అంటే నాకు హంటర్ హంటర్‌లో గోన్ గుర్తొస్తాడు. నాన్న జింగ్‌ని వెతుక్కుంటూ వేల్ ఐలాండ్ నుంచి నవ్వుతూ బయల్దేరిన పిల్లాడు. అదే పిల్లాడు, తనకి గురువు లాంటి కైట్ కోసం, కైట్‌ని ఆ గతికి తెచ్చిన పిటౌ ముందు నేలమీద కూర్చుని గంట టైమ్ ఇస్తున్నా అంటాడు, కళ్లల్లో ఏమీ ఉండదు. కిల్లువా నెమ్మదించు అంటే, నీకేం, నీకు సంబంధం లేదు కదా అనేస్తాడు. అప్పటిదాకా ప్రాణం పెట్టి తిరిగిన స్నేహితుణ్ణి. ఆ మాట తర్వాత కిల్లువా మొహం చూపించి ఊరుకుంటారు.

కైట్ ఇక రాడని తెలిశాక మొత్తం జీవితం, ఎదగాల్సిన బలం అంతా ఒక్క నిమిషానికి ఖర్చుపెట్టేస్తాడు. పిటౌని చంపితే ఏమొచ్చింది? కైట్ వచ్చాడా? తనమీద తనకున్న కోపం అది, నేను బలహీనుణ్ణి కాబట్టే కైట్ పోయాడని. పెద్దక్క చెప్పిన ఎడ్వర్డ్‌ది కూడా సొంత తప్పే కదా, కానీ వాడికి పక్కన తమ్ముడు అల్ఫోన్స్ ఉన్నాడు, వీడు పక్కనున్నోణ్ణే నెట్టేశాడు.

#20 మాంసం_మొత్తం_నాదే

అన్న ఏస్ చనిపోయాక లూఫీ కూడా అలాగే తన ఒంటిని తనే కొట్టుకుంటాడు. జింబే అనే మిత్రుడు ఆపి, పోయింది లెక్కపెట్టకు, నీకింకా ఏం మిగిలిందో చెప్పు అంటాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టి, నా వాళ్లున్నారు అని ఏడుస్తాడు. గోన్ పక్కన జింబే లాంటోడు ఉంటే బావుండేది.

#21 కొత్త_మెంబర్_777

హాయ్ అందరికీ. నేను సోలో లెవెలింగ్ తెలుగులో చూసి అనిమేలోకి వచ్చా. జిన్‌వూది ఏ టైపు? అమ్మ హాస్పిటల్ బిల్లు, చెల్లి చదువు, అందుకే కదా ఆ రాక్షసుల వేట పని. తిట్టకండి 🙏

#22 పాత_పుస్తకాల_కొట్టు

ఎవరూ తిట్టరు, రండి. అది పుట్టింది కొరియా వెబ్ నవలగా, అనిమే చేసింది జపాన్‌లో. మొదట్లో మీరన్నదే కరెక్టు, అందరికంటే చివరి ర్యాంక్‌లో ఉండి దెబ్బలు తింటూ వెళ్లేది ఇంటి ఖర్చుల కోసమే. కానీ అమ్మకి నయమయ్యాక ఆగాడా అని చూసుకోండి. ఆగలేదు. అప్పుడిక ఎందుకు వెళ్తున్నాడనేది నాకు ఆ కథలో అంత గట్టిగా దొరకలేదు, లెవెల్ పెరగడమే మజా అయిపోయింది, అది గోకూ వైపు జరగడమే. చూడటానికి బాగుంటుంది, అది వేరే సంగతి.

#23 ఓరుగల్లు_ఒటాకు

ఎరెన్ ముచ్చట అయిపోలే అన్నా. సగం చదివిన అన్న చెప్పినట్టు పగ గాదు స్వేచ్ఛ అనుకుందాం. మరి సముద్రం కాడికి పోయినప్పుడు దోస్తు అర్మిన్ గవ్వ పట్టుకోని నవ్వుతుంటడు, చిన్నప్పుడు ఇద్దరు గల్సి పుస్తకంల చూసిందే గదా ఆ సముద్రం. వీడు అటుదిక్కు ఏలు సూపెట్టి, ఆడున్న శత్రువులందర్ని చంపితే మనకు స్వేచ్ఛ దొరుకుతదా అంటడు. ఇద్దరిది ఒక్కటే కల, ఒక్కటే సముద్రం. ఒకనికి గవ్వ కనపడ్డది, ఒకనికి శత్రువు కనపడ్డడు. గిదెట్ల?

#24 సగం_చదివిన_మాంగా

దీనికి జవాబు వాడే చెప్తాడు తర్వాత, రామ్జీ అనే పిల్లాడి దగ్గర. మార్లే అనే శత్రు దేశంలో నలుగురు కొడుతుంటే ఆ పిల్లాణ్ణి విడిపిస్తాడు, తర్వాత వాడి ముందే మోకాళ్ల మీద పడి ఏడుస్తాడు, ఎందుకంటే రేపు టైటన్లతో లోకాన్నంతా తొక్కించేటప్పుడు వీణ్ణి కూడా తొక్కించేది నేనే అని తెలుసు. అక్కడ ఒప్పుకుంటాడు, గోడల అవతల మనుషులున్నారని తెలిసినప్పుడు నేను నిరాశపడ్డాను అని. అర్మిన్ పుస్తకంలో మనుషులు లేరు, ఉత్త నిప్పు నీళ్లు, మంచు నేలలు, ఇసుక మైదానాలు. వాడికి కావాల్సిన లోకం ఖాళీ లోకం. తన మనుషుల్ని కాపాడటం కోసం చేశాననే మాట కూడా నిజమే, కానీ అది ఒక్కటే నిజమైతే ఆ ఏడుపు ఎందుకు?

#25 పులిహోర_పెద్దక్క

నేను ఒప్పుకోను. 80 శాతం జనాన్ని తొక్కి చంపినవాడికి ఇంత ఓపిగ్గా కారణాలు వెతకడం నాకు చేతకాదు. నిద్రపోతున్న పిల్లల్ని పొడిచిన అశ్వత్థామకి కూడా కారణం ఉంది, నాన్నని మోసంతో చంపారు. వ్యాసుడు ఆ కారణాన్ని దాచలేదు, నుదుటి మణినీ ఉంచలేదు.

#26 సగం_చదివిన_మాంగా

అక్కా కారణం చెప్పడం వేరు, వెనకేసుకురావడం వేరు. నేను రెండోది చెయ్యట్లేదు.

#27 పులిహోర_పెద్దక్క

నువ్వు చెయ్యట్లేదు తమ్ముడూ, తెలుసు. వాడి ఫొటో డీపీ పెట్టుకుని తిరిగే కుర్రాళ్లు చేస్తున్నారు. మా పెద్దాడు కూడా.

#28 మోడరేటర్

గోకూ గెలుస్తాడా, వన్ పంచ్ మ్యాన్ హీరో సైతామా గెలుస్తాడా అన్న పోస్టులు పదకొండు తీసి వేరే థ్రెడ్‌లో పడేశాను. ఇక్కడ ఎవరు గెలుస్తారన్నది టాపిక్ కాదు. కాకినాడ గారూ, అందులో తొమ్మిది మీవే.

#29 కృష్ణా_బ్యారేజీ

అమ్మకి ఈ థ్రెడ్ చదివి వినిపించా. ఉయ్యాల మీద కూర్చున్న పిల్లాడి బొమ్మ ఏదో అది పెట్టమంది. నరుటో మొదటి ఎపిసోడ్ తెలుగులో పెట్టా, ఇప్పుడు మూడోది నడుస్తోంది, పప్పు మాడిన వాసన వస్తోంది.

#30 కమేహమేహ_కాకినాడ

నైట్ డ్యూటీలో కూర్చుని సెల్ గేమ్స్ మొత్తం మళ్లీ చూశా. రెండో షిఫ్ట్ గాడికి చెప్పేది ఏంటంటే, పికోలో అడిగినప్పుడు గోకూ మొహం సంగతి నువ్వు చెప్పింది కరెక్టే, నేను చిన్నప్పుడు అది గమనించలేదు, గోహాన్ ఎప్పుడు జుట్టు లేపుతాడా అని చూస్తూ కూర్చున్నా. మా నాన్న నన్ను కబడ్డీకి పంపేవారు, ఆయనకి ఇష్టమని. మోకాలు పోయేదాకా ఆడా.

సెంజు బీన్ ఇవ్వడం తప్పు. అయినా సరే నా డీపీ మారదు.